ఎర్రబారిన ఆకు మాట నమ్మవచ్చునా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో పత్తి ఆకులు ఎర్రబారడానికి గల కారణాలను వివరిస్తూ, భూమిలో మందుపాతర ఉన్నచోట కావాలనే ఎర్రబారేటట్టు డెన్మార్కులో ఒక మొక్కను తయారుచేశారని మాటవరసకు ఒక వాక్యం రాశాను. పత్తి సంగతి అందరూ మరిచిపోయినట్టున్నారు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదనే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరం రాసినవారి పేరును వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: ఆర్యా, మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. మా నాయన నాటి మూడెకరాల చేను చాలా ఏళ్లుగా బీడు పడి ఉంటే, డ్రిప్పు వేసుకుందామని నిరుడు జేసీబీతో చదును చేయించడం మొదలుపెట్టాను. గట్టు పక్కన తవ్వుతుండగా మూత బిగించిన ప్లాస్టిక్ బక్కెట్టు ఒకటి బయటపడింది. అందులో రంపపు పొట్టు మధ్య పురికొస చుట్టిన ఉండలు కనిపించేసరికి డ్రైవరు బండి వదిలి పరుగెత్తాడు. కబురు చేయగా బాంబు స్క్వాడ్ వారు వచ్చి వాటిని తీసుకుపోయారు. ఆ బక్కెట్టును ఎవరు, ఎన్నడు పాతిపెట్టారో చెప్పగలిగినవారు ఊళ్లో ఎవరూ మిగలలేదు. మిగతా రెండెకరాలలో మడక దించాలంటే నాకే కాదు, కూలీలకూ భయంగా ఉంది. మీరు రాసిన ఎర్రబారే మొక్క విత్తనాలు ఎక్కడ దొరుకుతాయి? ఎకరాకు ఎంత పడుతుంది?

జవాబు: అయ్యా, ఆ విత్తనాలు ఎక్కడా దొరకవు. మన దేశంలోనే కాదు, తయారుచేసిన దేశంలోనూ అవి అంగడికి రాలేదు. ఒకవేళ దొరికినా మీ చేనులో పనికిరావని నా అభిప్రాయం. ఇంత ముక్కుసూటిగా చెప్పడం మీకు నిరాశ కలిగించవచ్చును గాని, మీరున్న పరిస్థితిలో ఒక ఆశను పట్టుకుని చేనులోకి అడుగుపెట్టడం కంటే ఆ నిరాశే మేలు.

కోపెన్‌హాగెన్‌కు చెందిన అరెసా బయోడిటెక్షన్ అనే చిన్న సంస్థ ఈ మొక్క సంగతిని 2004లో ప్రకటించింది. మొక్క పేరు అరబిడాప్సిస్ థాలియానా. ఇది మన ఆవాల కుటుంబానికే చెందిన కలుపు మొక్క. జానెడు ఎత్తు పెరిగి, ఆరువారాలు తిరిగేసరికి పూసి, కాసి, విత్తనం రాలుస్తుంది. పంటగా దీనికి విలువ లేదు. అయితే మొత్తం జన్యుపటాన్ని శాస్త్రజ్ఞులు పూర్తిగా చదివిన మొదటి మొక్క ఇదే కావడం వల్ల (అది 2000వ సంవత్సరం చివరి మాట), ప్రయోగశాలలలో దీనికి ఉన్న గౌరవం వరికి, గోధుమకు కూడా లేదు.

చలికో, పోషకాల లోపానికో, మరే బాధకో గురైనప్పుడు చాలా మొక్కల ఆకులలో ఆంథోసయనిన్ అనే ఎర్రని వర్ణకం పుడుతుంది. మెగ్నీషియం చాలని పత్తి ఆకు ఈనెలు పచ్చగా ఉండగానే మధ్యభాగం ఎర్రబడడం మీరు చూసే ఉంటారు. డెన్మార్కు వారు ఈ వర్ణకాన్ని సొంతంగా తయారుచేసుకోలేని మొక్కను ముందుగా ఎంచుకుని, తెగిపోయిన ఆ దారిని నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు తగిలినప్పుడు మాత్రమే తిరిగి కలిపే జన్యు ఏర్పాటును దానిలో పెట్టారు. మందుపాతరలోని పేలుడు పదార్థం ఏళ్ల తరబడి మట్టిలో ఉండి కొద్దికొద్దిగా విచ్ఛిన్నమవుతున్నప్పుడు ఆ వాయువు వెలువడుతుంది. విత్తనాలను విమానం నుండి చల్లడమో, మామూలు పద్ధతిలో శుభ్రం చేసిన సన్నని బాటల మీద నడుస్తూ ఇరుపక్కలా చల్లడమో చేస్తే, మూడు నుండి ఆరు వారాలలో పచ్చని మొక్కల నడుమ ఎర్రని మచ్చలు తేలి, పాతర ఉన్న తావులు తెలుస్తాయని వారి ఆలోచన. ఆలోచన అందమైనదే. తరువాత పొగాకు మొక్కతో కూడా వారు ఇదే ప్రయత్నం చేశారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, నైట్రోజన్ డయాక్సైడ్ మందుపాతరల సొత్తు కాదు. నేలలోని సూక్ష్మజీవులు నత్రజనిని అటూ ఇటూ మారుస్తున్నప్పుడు ఇదే కుటుంబానికి చెందిన వాయువులు పుడతాయి. వాహనాల పొగలో ఇది ఉంటుంది. యూరియా చల్లిన చేనులో నత్రజని రాకపోకలు మరీ ఎక్కువ. కాబట్టి ఏమీ లేనిచోట ఆకు ఎర్రబడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అది కొంత వృథా శ్రమతో పోయే పొరపాటు. దానికి రెండో వైపు ఉన్న పొరపాటు ప్రాణాంతకం: పాతర ఉన్నా ఆకు పచ్చగానే ఉండిపోవడం. విత్తనం ఒకచోట మొలవకపోవచ్చును, వేరు చాలినంత లోతుకు దిగకపోవచ్చును, ప్లాస్టిక్ డబ్బా ఇంకా పగలక లోపలి పదార్థం బయటికి రాకపోవచ్చును. మీకు దొరికిన బక్కెట్టు మూత బిగించి ఉన్నదని మీరే రాశారు. బడి పరీక్షలో నూటికి తొంభై వస్తే పిల్లవాడిని మెచ్చుకుంటాము. చేనులో నూటికి తొంభై పాతరలు దొరికితే ఆ చేనులో మడక దించమని ఎవరికీ చెప్పలేము.

మీ విషయంలో ఇంకొక అడ్డంకి ఉన్నది. ఈ మొక్కలన్నిటినీ సైన్యాలు వాడే టీఎన్‌టీ వంటి, నత్రజని కలిసిన పేలుడు పదార్థాలను (నైట్రో సమ్మేళనాలను) దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. మన సీమలో ఒకనాడు పాతిపెట్టిన నాటుబాంబులలోని మందు సాధారణంగా ఆ జాతిది కాదు. తాళం చెవి ఒక ఇంటిదైతే మరొక ఇంటి తలుపు తెరుచుకోదు గదా.

ఇక మీరు చేయవలసినది. ఒకసారి బక్కెట్టు దొరికిన చేనును, మొత్తం వెదికి తేలేవరకు, అనుమానపు చేనుగానే చూడండి. గట్లతో సహా మొత్తం విస్తీర్ణాన్ని జాగిలాలతోనూ, లోహాన్ని పసిగట్టే పరికరాలతోనూ తనిఖీ చేయించవలసిందిగా పోలీసులకు రాతపూర్వకంగా విన్నవించి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. అంతవరకు జేసీబీని గాని, గుంటకను గాని దించవద్దు. మరీ ముఖ్యంగా, బీడు మీది ఎండుగడ్డిని తగులబెట్టవద్దు. వేసవి చివర గడ్డికి నిప్పుపెట్టి నేలను సిద్ధం చేసుకోవడం మనకు అలవాటు గనుక ఇది ప్రత్యేకించి చెబుతున్నాను. మట్టిలో ఎన్నేళ్లున్నా మందు చచ్చిపోయి ఉంటుందని అనుకోవద్దు.

మీది తుగ్గలి మండలం గనుక మరొక మాట. తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలలో వజ్రాల కోసం ఎక్కడెక్కడినుండో జనం దిగి, వంచిన తల ఎత్తకుండా, మెరిసే ప్రతి రాయినీ కెలుకుతూ తిరుగుతారు. మీ చేనులోకి కూడా వస్తారు. వారికి మీ బక్కెట్టు కథ తెలియదు. వాన రాకముందే చుట్టూ ముళ్లకంప వేయించి, నాలుగు పక్కలా పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టించండి. వారు తొలకరినే ఎంచుకోవడానికీ, మన ప్రశ్నకూ ఒక చుట్టరికం ఉన్నది. వాన పైమట్టిని కడిగి రాయిని బయటపెట్టినట్టే, నేలలోని వాసనను కూడా బయటపెడుతుంది. ఎండిపోయిన మట్టి రేణువులు పేలుడు పదార్థపు ఆవిరిని గట్టిగా అంటిపెట్టుకుంటాయి. తడి తగలగానే నీరు ఆ చోటును ఆక్రమించి ఆవిరిని విడిపిస్తుంది. పదునుగా ఉన్న నేలలో జాగిలం పసిగట్టినంతగా, బెట్టగా ఉన్న నేలలో పసిగట్టలేకపోవడానికి ఇది ఒక కారణం. తనిఖీకి తేదీ అడిగేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఆకుకు ముక్కు లేదు గదా, తనకు తగిలినది టీఎన్‌టీ అని దానికి ఎలా తెలుస్తుంది? పాలకూరతో కూడా ఇటువంటి ప్రయోగం చేశారని మా లెక్చరర్ గారు చెప్పారు. అది కూడా జన్యుమార్పిడి మొక్కేనా? — వృక్షశాస్త్ర విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మా, డెన్మార్కు మొక్క టీఎన్‌టీని గుర్తించలేదు, అది విడిచిన వాయువును గుర్తించింది. టీఎన్‌టీనే నేరుగా గుర్తించే మొక్క కోసం ప్రయత్నించినవారు అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన జూన్ మెడ్‌ఫర్డ్ బృందం. అమెరికా రక్షణశాఖ పరిశోధన విభాగమైన డార్పా దీనికి సొమ్ము సమకూర్చింది. ఫలితాలు 2011లో వెలువడ్డాయి.

బాక్టీరియాలకు తమ చుట్టూ ఉన్న చక్కెరలను పట్టుకుని లోపలికి కబురు పంపే ప్రోటీన్లు ఉంటాయి. రైబోజ్ అనే చక్కెరను పట్టుకునే ప్రోటీన్‌లో, చక్కెర కూర్చునే గుంటను కంప్యూటర్ సహాయంతో మలిచి, అక్కడ టీఎన్‌టీ అణువు కూర్చునేటట్టు చేయడం ఈ పనిలో మొదటి మెట్టు. ఆ ప్రోటీన్‌ను అరబిడాప్సిస్ కణాల వెలుపలి గోడ దగ్గర ఉంచారు. అణువు వచ్చి గుంటలో కూర్చోగానే ప్రోటీన్ ఆకారం మారుతుంది. ఆ మార్పు కణపొరలోని మరో ప్రోటీన్‌ను తట్టిలేపుతుంది. అది కణ కేంద్రకానికి కబురు చేరవేస్తుంది. కబురు అందిన కేంద్రకం పత్రహరితం తయారీని ఆపించి, ఉన్న పత్రహరితాన్ని విరగ్గొట్టే ఎంజైములను పురికొల్పుతుంది. ఆకు ఎర్రబడదు, పాలిపోయి తెల్లబడుతుంది. వారాలు కాక గంటల వ్యవధిలోనే మార్పు మొదలుకావడం, ఎరుపు మీద ఆధారపడకపోవడం దీనిలోని రెండు మెరుగులు. విమానాశ్రయం గుమ్మంలో ఇటువంటి మొక్కలను వరుసగా పెడితే కాపలా కుక్కల పని చేస్తాయని అప్పట్లో పత్రికలు ఉత్సాహంగా రాశాయి.

అయితే మీరు వృక్షశాస్త్ర విద్యార్థిని గనుక, పత్రికలు రాయని సంగతి కూడా తెలుసుకోవాలి. కంప్యూటర్‌తో గుంటను మలిచే ఇటువంటి పద్ధతిలో అంతకుముందు రూపొందించిన కొన్ని ప్రోటీన్లను జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు విడిగా పరీక్షించి, అవి ఉద్దేశించిన అణువులను నిజానికి పట్టుకోవడం లేదని 2009లోనే ప్రచురించారు. అంటే ఈ కథలో అన్నిటికన్నా బలహీనమైన మెట్టు మొక్క కాదు, ఆ గుంట. అణువును పట్టే ప్రోటీన్ ఖచ్చితంగా పనిచేస్తుందని ముందు తేలాలి. ఆకు తెల్లబడడం, ఎర్రబడడం ఆ తరువాతి మాట. మీరు ఏ ప్రయోగం గురించి చదివినా, ఇతరులు దానిని తిరిగి చేసి అదే ఫలితాన్ని చూశారా అని మొదట వెదకండి.

పాలకూర కథ వేరు. అందులో జన్యుమార్పిడి లేదు. అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో మైకేల్ స్ట్రానో బృందం 2016లో ప్రచురించిన ప్రయోగం అది. మామూలు పాలకూర మొక్క ఆకు అడుగువైపు సూది లేని సిరంజిని ఆనించి, కార్బన్ నానోట్యూబులు (కంటికి కనబడనంత సన్నని కార్బన్ గొట్టాలు) కలిపిన ద్రవాన్ని నెమ్మదిగా ఒత్తారు. పత్రరంధ్రాల గుండా అది ఆకు లోపలికి ఇంకింది. వేర్లు పీల్చిన నీటిలో పిక్రిక్ ఆమ్లం వంటి, టీఎన్‌టీ జాతికి చెందిన (నైట్రోఆరోమాటిక్) పేలుడు పదార్థం ఉంటే, పది నిమిషాలలో అది ఆకుకు చేరి, ఆ నానోట్యూబులు వెదజల్లే పరారుణ కాంతిని మార్చివేస్తుంది. మన కంటికి ఏమీ కనబడదు. చౌకగా దొరికే చిన్న కంప్యూటర్‌కు అమర్చిన కెమెరా మీటరు దూరం నుండి ఆ తేడాను పట్టుకుంటుంది. నీటిని పీల్చి ఆకుకు చేర్చే మొక్క సహజ గుణాన్నే వాడుకుని, దాని వంశాన్ని ముట్టుకోకపోవడం ఈ పద్ధతిలో నాకు నచ్చిన విషయం. మీటరు దూరం వరకు మందుపాతరల మధ్యకు వెళ్లవలసిన మనిషికి అది ఎంతవరకు నచ్చుతుందో చెప్పలేను.

ప్రశ్న: సున్నపురాయి గనిలో బ్లాస్టింగు చేసినప్పుడు అప్పుడప్పుడు మందు కూరిన రంధ్రాలు ఒకటి రెండు మిస్‌ఫైర్ అవుతాయి, అంటే పేలకుండా మిగిలిపోతాయి. వాటిని వెదకడం చాలా ప్రమాదకరం. గని చుట్టూ ఇటువంటి మొక్కలు పెంచితే ఉపయోగం ఉంటుందా? — గని మేస్త్రీ, యర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: ఉండదు. మొదటి కారణం మీకే తెలుసు: బండ మీద మొక్క మొలవదు, మొలిచినా మూడు నుండి ఆరు వారాలు మీరు ఆగలేరు. రెండవ కారణం ఆసక్తికరమైనది. ఇప్పుడు గనులలో వాడే పేలుడు పదార్థాలలో అధికభాగానికి మూలం అమ్మోనియం నైట్రేట్. అది ఎరువు కూడా. దుర్వినియోగాన్ని అరికట్టడానికి ప్రభుత్వం 2012లో దానికోసం విడిగా నిబంధనలు తెచ్చినా, మొక్క దృష్టిలో మాత్రం అది భోజనమే. తుంపరకు కరిగి బండ సందులలోకి దిగిన అమ్మోనియం నైట్రేట్ గని అంచున మొలిచిన కలుపును మరింత పచ్చగా చేస్తుందే గాని హెచ్చరికగా మార్చదు. మిస్‌ఫైర్‌ను వెదికే పని లైసెన్సు ఉన్న బ్లాస్టరుదే. నిర్ణీత సమయం గడిచేవరకు ఎవరినీ ఆ వైపు పోనీయకపోవడం, పేలని రంధ్రంలో తిరిగి డ్రిల్లు దించకపోవడం, వేసిన రంధ్రాల లెక్కను పేలిన వాటితో సరిచూడడం అనే పాత పద్ధతులకు ప్రత్యామ్నాయం లేదు. కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర 2021 మే నెలలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా జరిగిన ప్రమాదం మీకు గుర్తుండే ఉంటుంది.

ప్రశ్న: ఇటువంటి మొక్కలను మన దేశపు సరిహద్దు భూములలో చల్లడానికి చట్టం ఒప్పుకుంటుందా? వాటి పుప్పొడి మన ఆవచేలలోకి చేరితే ఏమవుతుంది? ఇన్నేళ్లకూ ఫలితం లేనప్పుడు ఈ పరిశోధనను వదిలివేశారా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

జవాబు: మాస్టారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు పత్తి చేలలోనే ఉన్నది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో చేసిన నిబంధనల ప్రకారం, జన్యుమార్పిడి చేసిన ఏ జీవినైనా ఆరుబయట వదలాలంటే కేంద్ర పర్యావరణ శాఖలో ఇటువంటి జీవులను పరిశీలించే సంఘమైన జీఈఏసీ అనుమతి ఉండాలి. పంట అయినా, పంట కాకపోయినా నియమం ఒకటే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. వాణిజ్యపరంగా మన దేశంలో పండుతున్న జన్యుమార్పిడి పంట నేటికీ అదొక్కటే. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో నిలిపివేశారు. జన్యుమార్పిడి ఆవకు 2022లో షరతులతో అనుమతి ఇస్తే, 2024లో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులూ భిన్నమైన తీర్పులు ఇచ్చారు. మనిషి తినే ఆవ విషయంలోనే ఇంత పెనుగులాట జరుగుతున్నప్పుడు, విమానం నుండి చల్లే కలుపు మొక్కకు అనుమతి సులభంగా వస్తుందని అనుకోలేము. కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనాలు అనుమతి లేకుండానే కర్నూలు ప్రాంతపు చేలలోకి ఎలా చేరాయో మనమందరం చూశాము గనుక, ‘హద్దులలో ఉంచుతాము’ అన్న మాటను నేను అంత తేలికగా నమ్మలేను.

పుప్పొడి విషయంలో మాత్రం కొంత ఊరట ఉన్నది. అరబిడాప్సిస్ ఆవకు చుట్టమే గాని, సొంత పుప్పొడితోనే కాయ కట్టే మొక్క. ఆవతో సంకరం కావడం మామూలుగా జరగదు. పైగా దానికి విత్తనం చల్లుకునే శక్తి లేకుండా చేశామని డెన్మార్కు సంస్థ అప్పుడే ప్రకటించింది. మన ఎండలో అది బతకడమే కష్టం: ఇరవై రెండు డిగ్రీల చల్లదనం కోరుకునే మొక్కను ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం నేలలో ఊహించుకోండి.

మీ చివరి ప్రశ్నకు కాస్త నిదానంగా జవాబు చెప్పాలి. పసిగట్టే పని ఇతరుల చేతికి పోయింది. జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలో షిమ్షోన్ బెల్కిన్ బృందం, టీఎన్‌టీలో మలినంగా ఉంటూ దానికంటే సులభంగా ఆవిరయ్యే డీఎన్‌టీ తగిలితే వెలుగు చిమ్మే బాక్టీరియాను చిన్న జిగురు పూసలలో బంధించి నేలమీద చల్లి, ఇరవై మీటర్ల దూరం నుండి లేజరుతో ఆ వెలుగును చదవగలిగింది. అది 2017 నాటి మాట. టాంజానియాలో శిక్షణ ఇచ్చిన పెద్ద ఎలుకలు ఒకప్పుడు మొజాంబిక్‌లో నిజంగానే నేలలను వెదికాయి, అంగోలా, కంబోడియాలలో వెదుకుతున్నాయి. మగావా అనే ఎలుక తన ఉద్యోగకాలంలో వందకు పైగా మందుపాతరలను, పేలని మందుగుండును చూపించింది. 2020లో బ్రిటన్‌కు చెందిన ఒక సంస్థ దానికి బంగారు పతకం ఇచ్చింది. కాలు పెట్టినా పాతర పేలనంత తేలిక బరువు దానికి పెట్టుబడి.

మొక్కకు మరొక పని దొరికింది. సైనిక శిక్షణ స్థలాలలో పేలుడు పదార్థాలు పాతర రూపంలో కాక, మట్టిలో కలిసిపోయి విషంగా మిగులుతాయి. వాటిలో ఆర్‌డీఎక్స్ నీటితో పాటు భూగర్భ జలాలలోకి దిగిపోతుంది. టీఎన్‌టీ మట్టినే పట్టుకుని ఉండి వేర్లను దెబ్బతీస్తుంది. ఇంగ్లండులోని యార్క్ యూనివర్సిటీకి చెందిన నీల్ బ్రూస్, లిజ్ రైలట్ బృందం, ఆర్‌డీఎక్స్‌ను తిని బతికే నేల బాక్టీరియాలోని జన్యువులను స్విచ్‌గ్రాస్ అనే పొడవాటి గడ్డిజాతిలో పెట్టి, అమెరికాలోని ఒక సైనిక స్థలంలో మూడేళ్లపాటు ఆరుబయట పెంచింది. వేర్లు పీల్చిన ఆర్‌డీఎక్స్‌ను ఆ గడ్డి తన ఒంట్లోనే విరగ్గొట్టి హరించివేసిందని 2021లో ప్రచురించారు. హెక్టారుకు 27 కిలోల చొప్పున తొలగించినట్టు వారి లెక్క. ఈ పనిలో ఆకు ఏ రంగులోనూ జవాబు చెప్పనక్కరలేదు. నూటికి తొంభై వంతులు శుభ్రం చేసినా మిగిలిన పది వంతులు మరుసటి ఏటి గడ్డికి మిగిలి ఉంటాయి, ఎవరి కాలికిందా పేలవు.